ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మధ్యలో మా లైబ్రరీ

మా ఆలంగుళం విరుదునగర్ జిల్లాలోది. రాజపాళయానికి ఆగ్నేయంగా, శివకాశికి నైరుతిగా ఉంటుంది. నల్లరేగడి నేల, వాన చూసుకుని చేసే సేద్యం, ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ, చుట్టుపక్కల అగ్గిపెట్టెల పని, టపాకాయల పని. ఇక్కడి నుంచి కోవిల్‌పట్టి దాకా ఏ ఊరు తీసుకున్నా తెలుగు మాట్లాడే ఇళ్లు కనిపిస్తాయి. కమ్మవారు, రెడ్లు, రాజులు, బలిజలు, కంబళత్తు నాయకర్లు, అరుంధతీయులు అందరి ఇళ్లలోనూ పొయ్యి దగ్గర తెలుగే. బడిలో, బస్సులో, బ్యాంకులో తమిళం. విజయనగర రాజుల కాలంలోనూ మదురై నాయకుల కాలంలోనూ వలస వచ్చినవాళ్ల సంతతి మేము. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షల పైచిలుకు, నూటికి దాదాపు ఆరుగురు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లెక్కలవాళ్లకు తమిళం అని చెప్పినవాళ్లు దీంట్లో చేరలేదు.

నేను పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. నాయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశారు. అవ్వ చెప్పే కథలు తెలుగులో, నేను రాసుకునే పలక తమిళంలో. డిగ్రీ అయ్యాక లైబ్రరీ సైన్సు చదివి, ప్రభుత్వ గ్రంథాలయ శాఖలో చేరి, ఈ చుట్టుపక్కల ఊళ్లలోనే ఉద్యోగమంతా చేసి, ఈమధ్యే రిటైరయ్యాను. రెండు భాషల జనం మధ్య లైబ్రేరియన్‌గా బతకడం ఎలా ఉంటుందని ఈ తరం పిల్లలు అడుగుతుంటారు. నేను నేర్చుకున్నది ఒక్క మాటలో చెప్తాను. మనుషులు ఏ భాషలో వింటారో, ఏ లిపిలో చదువుతారో ముందు కనుక్కోవాలి. పుస్తకాలు ఎంచడం ఆ తర్వాతి పని.

పెట్టె నిండా పుస్తకాలు, చదివేవాళ్లు లేరు

ఆంధ్రా నుంచి పెద్దమనుషులు అప్పుడప్పుడూ మా ఊళ్లకు వస్తుంటారు. ఇక్కడివాళ్లు తెలుగు మాట్లాడటం చూసి కళ్లు చెమర్చి, తిరిగి వెళ్లాక పెట్టె నిండా పుస్తకాలు పంపుతారు. నవలలు, కవిత్వం, శతకాలు. వాటికి నంబరు వేసి, రిజిస్టర్లో ఎక్కించి, అరలో పేర్చేదాన్ని. అవి అక్కడే ఉండిపోయేవి. ఊళ్లో తెలుగు వచ్చినవాళ్లకు కొదవ లేదు. తెలుగు అక్షరం వచ్చినవాళ్లే లేరు.

ఈ సంగతి బయటివాళ్లకు అర్థం కావడం కష్టం. హైదరాబాదులోనో విజయవాడలోనో భాష వచ్చిందంటే చదవడం కూడా వచ్చినట్టే. మా దగ్గర నోటి భాష వేరు, కంటి భాష వేరు. తరాల తరబడి బడిలో తెలుగు లేదు. 2006లో వచ్చిన చట్టం 2006-07 నుంచి ఒక్కో తరగతికీ తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వెళ్లింది. అంతకుముందు కూడా మా పల్లెల్లో తెలుగు బడులు అరుదే. తమిళం మా పిల్లల బతుకుకు అవసరం, దాన్ని వద్దనే మాట నా నోట రాదు. నేనూ ఆ భాషలోనే చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను. అయితే బడిలో చోటు లేని అక్షరానికి ఇంకెక్కడో ఒకచోట చోటుండాలి. ఆ చోటు లైబ్రరీ అని నేను గట్టిగా నమ్మాను.

నమ్మడానికి ఆధారం కూడా ఉంది. 1994లో యునెస్కో, అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య కలిసి వెలువరించిన ప్రజా గ్రంథాలయ ప్రకటన, భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా సేవలు అందించాలని స్పష్టంగా చెప్తుంది. న్యూయార్క్‌లోని క్వీన్స్ గ్రంథాలయం 1977 నుంచే కొత్తగా వచ్చి స్థిరపడిన వలసవాళ్ల కోసం వాళ్ల భాషల్లో విడిగా ఒక కార్యక్రమం నడుపుతోంది. అక్కడ నిన్నమొన్న వచ్చినవాళ్లకు దొరికేది, ఇక్కడ నాలుగైదు వందల ఏళ్లుగా ఉన్నవాళ్లకు దొరకకూడదా?

చందమామ, అంబులిమామ

పెట్టెలు విప్పుతుంటే ఒకసారి పాత చందమామల బైండు దొరికింది. మద్రాసులో బి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో తెలుగులో చందమామ మొదలుపెట్టి, ఆ ఏడాదే తమిళంలోనూ తెచ్చారు. తమిళ పత్రిక పేరు అంబులిమామ. అవే కథలు, అవే బొమ్మలు, రెండు లిపులు. మా ఊళ్ల కోసమే చేసినట్టుగా ఉంది!

తమిళ సంచికల కోసం తెలిసినవాళ్లందరినీ అడిగాను. పాత ఇళ్ల అటకల మీద నుంచి కొన్ని దిగాయి. ఒకే కథ రెండు భాషల్లో దొరికినచోట రెండు పుస్తకాలూ బల్ల మీద పక్కపక్కన తెరిచిపెట్టేదాన్ని. బేతాళుడు చెట్టు మీంచి వేలాడే బొమ్మ రెండింటిలోనూ ఒకటే. పిల్లలు తమిళంలో గబగబా చదివేసి, అదే బొమ్మ కింద తెలుగు వరసల మీద వేలు పెట్టేవాళ్లు. "అక్కా, విక్రమార్కుడని రాసుండేది ఎక్కడ?" అని అడిగేవాళ్లు. చూపిస్తే ఆ అక్షరాలు ఇంకో పేజీలో వాళ్లే వెతికి పట్టుకునేవాళ్లు. కథ ముందే తెలుసు, మాట ముందే తెలుసు, తెలియనిది అక్షరం ఆకారం ఒక్కటే. భాష రానివాళ్లకు అక్షరాలు నేర్పడం కంటే ఇది ఎంతో తేలిక. నేను కూడా పెద్దయ్యాకే పెద్దబాలశిక్ష పెట్టుకుని తెలుగు చదవడం నేర్చుకున్నాను. అందుకే ఆ పిల్లల వేలు ఎక్కడ ఆగుతుందో నాకు ముందే తెలిసేది.

వినిపించడం కూడా ఇవ్వడమే

పిల్లలకు చందమామ సరిపోయింది. పెద్దవాళ్ల సంగతి వేరు. అగ్గిపెట్టెల పని చేసే ఆడవాళ్లకు సాయంత్రానికి చేతులు, కళ్లు రెండూ అలిసిపోయి ఉంటాయి. వాళ్లకు కొత్త లిపి నేర్పుతాననడం మర్యాద కాదు. తమిళనాడు గ్రంథాలయాల్లో వాసగర్ వట్టం అని పాఠకుల బృందం ఒకటి ఉంటుంది. రచయితలను పిలవడం, పుస్తకం గురించి మాట్లాడటం దాని పని. ఆ బృందంలోని వాళ్లనే కలుపుకుని, సెలవురోజుల్లో తెలుగు కథ పైకి చదివే కూటమి పెట్టాను.

మొదట తెనాలి రామకృష్ణ కథలు, తర్వాత రామాయణం. పుస్తకంలోని కృష్ణా గుంటూరు తెలుగు మావాళ్లకు కొంత అందుతుంది, కొంత అందదు. ఒక పేరా చదివి, దాన్నే మా ఊరి మాటల్లో మళ్లీ చెప్పేదాన్ని. వినేవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. "అది కాదమ్మా, మా అవ్వ ఇంకో మాదిరిగా చెప్పేది" అని ఒకామె అందుకునేది. అప్పుడు నేను పుస్తకం మూసి వినేదాన్ని. ఒక అవ్వ ప్రతిసారీ అరుగు మీద కూర్చుని, "నాకు కండ్లు కానరావు, నువ్వే సదువు" అనేది. ఆమె పేరు మీద ఏ పుస్తకమూ ఇచ్చినట్టు రిజిస్టర్లో ఉండదు. అయినా మా లైబ్రరీని ఆమెకన్నా ఎక్కువగా వాడుకున్నవాళ్లు తక్కువ.

ఇలా పుస్తకాన్ని జనం దగ్గరికి చేర్చడం ఈ వృత్తిలో కొత్త కాదు. 1931లో మన్నార్గుడి దగ్గర కనకసభై పిళ్లై ఎద్దుబండి మీద పుస్తకాలు వేసుకుని పల్లెలు తిరిగే గ్రంథాలయం మొదలుపెట్టారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. ఒకటి తమిళ నేల, ఒకటి తెలుగు నేల. ఇద్దరూ ఒకే మద్రాసు రాష్ట్రం వాళ్లు, ఇద్దరిదీ ఒకే తపన.

రంగనాథన్ నీడలో

ఈ ఉద్యోగానికి పునాది వేసింది ఎస్.ఆర్. రంగనాథన్. లెక్కల మాస్టారుగా ఉన్న ఆయన 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు రాశారు. చదివే మనిషి ఎవరైనా, వాళ్లకు తగిన పుస్తకం అందాలన్నది రెండో సూత్రం సారం. తెలుగువైపు అయ్యంకి వెంకటరమణయ్య 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపించారు. ఇలాంటి కృషి అంతా కలిసి 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం అయింది. దేశంలో ఒక రాష్ట్ర శాసనసభ చేసిన మొదటి గ్రంథాలయ చట్టం అదే. అప్పుడు బెజవాడా కోవిల్‌పట్టీ ఒకే రాష్ట్రంలో ఉండేవి కాబట్టి రెండింటికీ అదే చట్టం. ఆంధ్రప్రదేశ్ తన చట్టం తాను చేసుకుంది 1960లో.

ఆ చట్టం గుండె గ్రంథాలయ సెస్సు. ఊళ్లో కట్టే ఇంటి పన్నులో కొంత భాగం లైబ్రరీకి వెళ్తుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి శాఖా గ్రంథాలయం దాకా, పల్లె గ్రంథాలయం దాకా నడవడానికి ఆ డబ్బే ముఖ్యమైన ఆధారం. నేను పై అధికారులతో తెలుగు పుస్తకాల గురించి మాట్లాడినప్పుడల్లా ఈ మాటే ముందు పెట్టేదాన్ని. తెలుగు మాట్లాడే ఇల్లు కూడా సెస్సు కడుతుంది. దానికి బదులుగా ఆ ఇంటికి ఏం దక్కుతోందని అడగడం దానం కోరడం కాదు, లెక్క అడగడం. కొందరు విన్నారు, కొందరు వినలేదు. ఆ మాట చెప్పడం మాత్రం ఆపలేదు.

మా ఊరి అర

రంగనాథన్ వర్గీకరణ పద్ధతిలో తమిళానికి 31, తెలుగుకు 35. ఈ అంకెల దగ్గర మా ప్రాంతపు లైబ్రేరియన్ ఒక చిక్కులో పడతాడు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్ అనే ఊరివాడు కి. రాజనారాయణన్. ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. 1976లో వచ్చిన ఆయన 'గోపల్ల గ్రామం' తెలుగునేల నుంచి పారిపోయి వచ్చి ఈ నల్లరేగడిలో అడవి కొట్టి ఊరు కట్టుకున్నవాళ్ల కథ. దాని తర్వాతి నవల 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఈ కరిసల్ (నల్లరేగడి) నేల నుడికారానికి నిఘంటువు కూర్చిందీ ఆయనే. 2021లో పోయినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో సొంత ఊళ్లో సాగనంపారు, కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కట్టారు. ఇడైసెవల్‌లోనే పుట్టిన ఆయన చిన్ననాటి నేస్తం కు. అళగిరిసామికి కూడా 1970లో అకాడెమీ పురస్కారం దక్కింది.

వర్గీకరణ ప్రకారం 'గోపల్ల గ్రామం' తమిళ సాహిత్యంలో ఉండాలి, అక్కడే ఉంచాం. మరి తెలుగు అర దగ్గర నిలబడి తన ముత్తాతల సంగతి వెతుక్కునే పిల్లకు అది ఎలా కనబడుతుంది? కేటలాగులో విషయం కింద అదనంగా ఒక నమోదు చేర్చాం. 'తమిళనాడు తెలుగువారు' అని వెతికితే ఆ తమిళ నవల వస్తుంది. ఒక పుస్తకం అరలో ఒకేచోట ఉంటుంది, కేటలాగులో ఎన్ని చోట్లయినా ఉండొచ్చు. లైబ్రేరియన్ చేతిలో ఉన్న పెద్ద బలం ఇదే.

ఆ పేరు కింద ఇంకా ఏమేం చేరాయో చూడండి. శ్రీవిల్లిపుత్తూరు మా జిల్లాలోదే. విష్ణుచిత్తుడు, గోదాదేవి అక్కడివాళ్లు. 16వ శతాబ్దంలో శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో 'ఆముక్తమాల్యద' రాసింది వాళ్ల గురించే. కోవిల్‌పట్టి పక్కనే ఎట్టయాపురం. సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరుగా అందరికీ తెలుసు. ముత్తుస్వామి దీక్షితులు కన్నుమూసిన ఊరు కూడా అదే. ఆ వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే మహాగ్రంథాన్ని 1904లో అచ్చువేయించారు. కర్ణాటక సంగీతానికి మూలస్తంభం లాంటి ఆ పుస్తకం ఎట్టయాపురం సంస్థానం ముద్రణాలయంలో, తెలుగు లిపిలో అచ్చయింది. ఇవి మా పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. బస్సులో రోజూ దాటి వెళ్లే ఊళ్లు తెలుగు పుస్తకాల్లో ఉన్నాయని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

తమిళ లిపిలో తెలుగు

ఇంట్లో పాటలు, కథలు రాసిపెట్టుకోవాలని చాలామందికి ఆశ. రాయగలిగింది తమిళ లిపిలోనే. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరం. 'గాలి' రాసినా 'కాలి' అని చదవొచ్చు. త్యాగరాజ కీర్తనలను తమిళంలో అచ్చువేసేవాళ్లు దీనికి ఏనాడో దారి కనిపెట్టారు. అక్షరం పక్కన చిన్నగా 2, 3, 4 అంకెలు వేస్తారు. అంకె లేకపోతే క, 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. పాట నేర్చుకునే పిల్లలకు ఇది అలవాటే. ఇదే పద్ధతిని మా ఆడవాళ్లకు నోటుబుక్కుల్లో నేర్పాను. లాలిపాటలు, పెళ్లిపాటలు, చల్ల చిలికే పాటలు అలా కాగితం మీదికి వచ్చాయి. తెలుగు లిపి నేర్చుకున్న పిల్లలు తర్వాత వాటిని తెలుగులోకి ఎత్తి రాశారు. అవ్వ తమిళ అక్షరాల్లో రాసింది మనవరాలు తెలుగు అక్షరాల్లో రాస్తుంటే ఇద్దరూ ఒకే పాట పాడుతూ కూర్చునేవాళ్లు.

పాటలను ఫోన్లో రికార్డు చేయడం అందరికీ వచ్చు. దాన్ని లైబ్రరీ వస్తువుగా మార్చడానికి ఇంకొంత పని ఉంది. పాడినవాళ్లు ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, ఏ సందర్భంలో పాడే పాట, ఎవరు వినొచ్చు అనేది ఒక చీటీ మీద రాయాలి. ఆ చీటీ లేని రికార్డు కొన్నేళ్లకు ఎవరిదో తెలియని గొంతుగా మిగులుతుంది. రెండు వేర్వేరు చోట్ల నకళ్లు ఉంచాలి. అన్నిటికన్నా ముఖ్యం అనుమతి. కంబళత్తు నాయకర్ల దేవరాట్టంలో ఉరుమి వాద్యానికి ఆడే ఆట అందరూ చూడొచ్చు. కొన్ని ఇళ్ల కులదేవత పాటలు మాత్రం బయటివాళ్ల చెవిన పడకూడదంటారు. "ఇది మీ పుస్తకాలింటికి కాదమ్మా, మా గుడికే" అంటే అక్కడితో రికార్డు ఆపేయాలి. నమ్మకం పోగొట్టుకున్న లైబ్రేరియన్‌కు ఆ ఊళ్లో ఇంకేమీ దొరకదు.

ఈ దారిలో రావాలనుకుంటే

ఈ వృత్తికి చదువు ఉంది. ప్లస్ టూ తర్వాత సర్టిఫికెట్ కోర్సు, డిగ్రీ తర్వాత గ్రంథాలయ శాస్త్రంలో బ్యాచిలర్ డిగ్రీ, ఆపైన మాస్టర్స్. కాలేజీల్లో చేరాలంటే నెట్ అర్హత కావాలి. తమిళనాడు ప్రభుత్వ గ్రంథాలయ పోస్టులకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రకటన ఇచ్చినప్పుడు పరీక్ష రాయాలి, దానికి తమిళం బాగా రావాలి. ఆంధ్ర, తెలంగాణల్లో జిల్లా గ్రంథాలయ సంస్థలు ఉన్నాయి. బడులు, కాలేజీలు, సంగీత సంస్థలు, పత్రికల ఆఫీసులకు కూడా లైబ్రేరియన్లు కావాలి.

రెండు భాషల జనం మధ్య పనిచేయాలంటే దీనికి మరికొన్ని కలపాలి. రెండు లిపులూ చూడకుండా టైపు చేయడం రావాలి. లైబ్రరీలు ఉచితంగా వాడుకోగల కోహా లాంటి సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం పేరును తెలుగులోనూ తమిళంలోనూ నమోదు చేయొచ్చు. అప్పుడు ఏ లిపిలో వెతికినా ఆ పుస్తకం దొరుకుతుంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకమూ ఒక కాపీ చెన్నైలోని కన్నిమరా గ్రంథాలయానికి చేరాలి, కాబట్టి మన దగ్గర లేని తెలుగు పుస్తకం వివరం ఎక్కడ అడగాలో తెలుసుకుని ఉండాలి. పైకి చదవడం సాధన చేయాలి. ఊళ్లో ఏ వీధిలో ఏ భాష మాట్లాడతారో కాలినడకన తిరిగి తెలుసుకోవాలి. గ్రూప్ ఫోర్ పరీక్షకు చదివే అమ్మాయికి తమిళ గైడు వెతికి ఇవ్వడం కూడా తెలుగు కథ చదివి వినిపించడం అంత ముఖ్యమే. ఆ అమ్మాయికి ఉద్యోగం వస్తే, ఆమె తమ్ముణ్ని మన తెలుగు బల్ల దగ్గరికి తనే పంపుతుంది.

ఇక ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు ఒక విన్నపం. మా ఊళ్లకు పుస్తకాలు పంపాలని మీకు అనిపిస్తే ముందు అక్కడి లైబ్రేరియన్‌ను అడగండి. పెద్ద అక్షరాల పిల్లల పుస్తకాలు, బొమ్మల కథలు, చదివి రికార్డు చేసిన కథలు పంపండి. తమిళంలో కూడా దొరికే పుస్తకం తెలుగు ప్రతి పంపితే దాని తమిళ జోడీని మేం వెతుక్కుంటాం. వస్తే ఒక పూట ఉండి, మా వాళ్లు చెప్పేది వినండి. మీ దగ్గర మరుగున పడిన కథలు ఇక్కడ ఇంకా నోళ్లలో ఉన్నాయి.

మా పల్లెల్లో తెలుగు విని నవ్వే పిల్లలు, తెలుగులో ఏడ్చే పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లకు అక్షరం చూపించే పనికి చదువు ఉంది, పరీక్ష ఉంది, జీతం ఉంది, 1948 నుంచి చట్టం అండ ఉంది. తెలుగు ఇంట్లో పుట్టి తమిళంలో చదువుకున్న ప్రతి అమ్మాయికీ అబ్బాయికీ ఆ పనికి కావలసిన సగం అర్హత పుట్టుకతోనే వచ్చింది. మిగతా సగం నేర్చుకోండి. తర్వాతి ప్రకటన పడినప్పుడు దరఖాస్తు పెట్టండి.